జడ్జిగారి అమ్మాయి

ఫొటోలకి ఫ్రేములు కట్టే ఆయన్ని ఆ వీధిలో అందరూ జడ్జిగారనే పిలిచేవాళ్లు. ఆయన జన్మలో కోర్టు గుమ్మం తొక్కి ఎరగడు. ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద తీర్పులు చెప్పీ చెప్పీ సంపాదించుకున్న పేరది. ఊరి క్లబ్బు ఆట ఉన్న మర్నాడు ఆయన షట్టరు ఎత్తేసరికే నలుగురు వచ్చి కూర్చుని ఉండేవాళ్లు. ఎదురుగా టైర్ల షాపతను తన బేరాలు కూడా వదులుకుని వచ్చేవాడు. జడ్జిగారు బల్ల మీద గాజు పలక పరిచి, స్కేలు ఆనించి, కట్టరుతో ఒక్క గీత గీసి టక్కున విరిచేవాడు. ఆ విరిచే చప్పుడుకీ ఆయన నోట్లోంచి మాట ఊడిపడడానికీ సరిపోయేది.

కోచ్‌లలో ఆయనకి నచ్చినవాడు లేడు. ఒక గోలు వెయ్యగానే పదిమందినీ వెనక్కి లాగేసి కాపలా పెట్టే కోచ్‌ని, ఇల్లు అంటుకుంటుందేమోనని ముందే నీళ్లు పోసుకుని కూర్చునే రకం అనేవాడు. ఆ తర్వాత వచ్చినవాడు అందర్నీ ముందుకి తోలాడు. వీధి తలుపు తీసి పెట్టి పెరట్లో దొంగని వెతికే రకం అన్నాడు. కమిటీ వాళ్లకి ఆయన పెట్టిన పేరు మొహమాటాల సంఘం. ముప్ఫై దాటినవాడికి మూడేళ్ల కాంట్రాక్టు రాసిచ్చేవాళ్లని ఇంకేమనాలి అని అడిగేవాడు. జాలి ఇంట్లో చూపించుకోవాలి, క్లబ్బు సొమ్ముతో కాదు అనేవాడు. ఇన్ని తెలిసిన మనిషి కూడా సీజన్ మొదలయ్యే ముందు వారం మాత్రం చిన్నపిల్లాడైపోయేవాడు. ఈసారి పై డివిజన్‌కి వెళ్లడం ఖాయం అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఏటా చెప్పేవాడు. ఆశ దగ్గరికొచ్చేసరికి జడ్జిగారే ముద్దాయి.

ఆయన తీర్పుల్లో ఒకటి ఊరందరి నోళ్లలో నిలిచిపోయింది. క్లబ్బుకి చాలా ఏళ్లు ఆడిన కెప్టెన్ ఒకడు ఉండేవాడు. మోకాళ్లు అరిగిపోయినా అభిమానం కొద్దీ కమిటీ అతనికి మళ్లీ కాంట్రాక్టు ఇచ్చింది. ఆ ఏడు ఒక ఆటలో అతను కాళ్ల ముందున్న బంతిని అందుకోలేక జారిపడ్డాడు. జడ్జిగారు గ్యాలరీలో లేచి నిలబడి, "వట్టిపోయిన గొడ్డుకి ఇంకా దాణా దేనికిరా!" అని అరిచాడు. గ్యాలరీ గ్యాలరీ గొల్లుమంది. పక్కన కూర్చున్న ఆయన కూతురు, అప్పటికి ఏడో తరగతి చదివే పిల్ల, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. అంతమందిని ఒక్క మాటతో నవ్వించినవాడు తన తండ్రి అని ఆ పిల్ల మురిసిపోయింది కూడా.

ఆ పిల్లని ఇంట్లో అమ్మలు అనేవాళ్లు. ఒక్కతే కూతురు. పుట్టుకతో ఎడమ కాలి వాటం. తలుపు తన్నినా ఎడమ కాలితోనే తన్నేది. ఆ సంగతి కనిపెట్టిన రోజు జడ్జిగారు కొట్టు మూసేసి బంతి కొనుక్కొచ్చాడు. ఆయనకి కూతురంటే ప్రాణం, కానీ ఆ ముక్క నోటితో చెప్పడం రాదు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నదంతా ఆట గురించే. పాస్ ఎప్పుడివ్వాలి, ఎప్పుడు ఒక్కదానివే వెళ్లాలి, అవతలివాడి నడుము ఎటు తిరిగిందో ఎలా చూడాలి, ఇదే వరస. భోజనాల దగ్గర ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఆ ఇద్దరికీ తెలిసేది కాదు. కర్టెన్లు కుట్టే షాపులో పని చేసి అలిసొచ్చిన భార్య, ఇంట్లో ఉన్నది ముగ్గురం, అందులో నేను సబ్‌స్టిట్యూట్‌ని అనేది.

అమ్మలు పెరిగి అదే క్లబ్బు ఆడపిల్లల టీములో చేరింది. ఎడమ అంచున దాని పరుగు చూడ్డానికి మగవాళ్ల ఆటకి వచ్చే జనం కూడా ముందే వచ్చేవాళ్లు. ఆట అయిపోయి ఇంటికొచ్చాక బూట్లు విప్పుకుంటూ, ఎలా ఆడాను నాన్నా అని అడిగేది. ఆయన మొదటి నిమిషం నుంచీ మొదలుపెట్టి తప్పులన్నీ వరసగా చెప్పేవాడు. ఒప్పులు చెప్పక్కర్లేదు, అవి దానికి తెలుసు కదా అనుకునేవాడు. అమ్మలు శ్రద్ధగా విని, తలూపి, స్నానానికి వెళ్లేది. ఒకసారి రెండు గోల్స్ వేసి వచ్చినప్పుడు కూడా మూడోది ఎలా పోగొట్టావో చెప్పు అన్నాడు. ఆ రాత్రి భార్య ఆయనతో మాట్లాడలేదు. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు.

తర్వాత కుడి మోకాలు పోయింది. ఎవరి తప్పూ లేదు. వానకి నానిన గడ్డిలో కాలు దిగబడిపోయింది, ఒళ్లు తిరిగింది, కాలు తిరగలేదు. ఆపరేషనయ్యాక అమ్మలు గోడ పట్టుకుని నడవడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి గ్రౌండులోకి దిగింది కానీ, ఆఖరి అరగంటే. బంతితో కుడికి తిరగాల్సి వచ్చినప్పుడల్లా రవ్వంత ఆగేది. గ్యాలరీలో ఆ ఆగడం ఎంతమంది చూశారో కానీ జడ్జిగారు చూశాడు. ఇంటికొచ్చాక చెప్పలేదు. అమ్మలు కూడా అడగలేదు.

ఆ సీజన్ అయిపోయాక, ప్రాక్టీసు గ్రౌండుకి దగ్గరని చెప్పి అమ్మలు మేనత్త ఇంటికి మకాం మార్చింది. జడ్జిగారి అక్కగారు ఊరికి అటు చివర ఉంటుంది. వయసులోనే భర్త పోయినా ఎవరి మీదా ఆధారపడకుండా బతికిన మనిషి. మేనకోడలంటే ఆవిడకీ ప్రాణమే. సరే, మంచిదే అనుకున్నారు ఇంట్లో.

కొత్త సీజన్ మొదట్లో టీము ఫొటోలు ఫ్రేము కట్టించడానికి క్లబ్బు ఏటా జడ్జిగారికే పంపేది. ఆ ఏడూ ఆఫీసు అటెండరు చుట్ట చుట్టిన ఫొటోలు రెండు చంకలో పెట్టుకుని వచ్చాడు. జడ్జిగారు ఆడపిల్లల టీము ఫొటో ముందు తెరిచి, నాలుగు మూలలా గాజు ముక్కలు బరువు పెట్టాడు. అమ్మలు ఎప్పుడూ నిలబడే చోటు, వెనక వరసలో ఎడమ చివర చూశాడు. అక్కడ ఎవరో కొత్త పిల్ల, బుగ్గలు కూడా ఇంకా తగ్గని పిల్ల, నవ్వుతూ నిలబడి ఉంది. ముందు వరస చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ ఒక్కొక్క మొహమే చూశాడు.

"మా అమ్మాయి ఈ ఫొటో నాడు రాలేదా?" అని అడిగాడు.

అటెండరు అవతలి ఫొటో విప్పబోతున్నవాడల్లా ఆగిపోయాడు. "మీకు తెలుసనుకున్నానండీ. అమ్మాయిగారి కాంట్రాక్టు మళ్లీ రాయలేదు కదా. సీజన్ అయిన వెంటనే చెప్పేశారు."

జడ్జిగారు, ఆహా అలాగా అన్నాడు. ఎలాంటి ఫ్రేము కావాలో అడిగాడు. కిందటేడు లాంటిదేనా, నల్లదా అని అడిగాడు. అటెండరు వెళ్లిపోయాక షట్టరు దించేసి బస్సెక్కాడు.

అక్కగారు తలుపు తీసి తమ్ముడి మొహం చూడగానే సంగతి గ్రహించింది. "చెప్పులు విప్పి రా. నోరు మాత్రం గుమ్మం బయటే పెట్టి రా" అంది.

అమ్మలు లోపలి గదిలో కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుని ఉంది. తండ్రిని చూసి కాలు దించబోయింది. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి మంచం అంచున కూర్చున్నాడు. కిటికీలోంచి పక్కింటి గోడ చూస్తూ, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు అన్నాడు.

"ఏం చెప్పను నాన్నా? నువ్వేమంటావో నాకు తెలుసు కదా. వాళ్లు పిలిచి చెప్తుంటే నా చెవిలో వినపడింది నీ గొంతే."

"నేనేమంటాను?"

"దాణా దండగ అని."

అమ్మలు ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. స్కూల్లో అప్పజెప్పిన పాఠంలా అంది. వంటింట్లో అక్కగారు గిన్నెలు చప్పుడు చేయడం మానేసింది. ఆయన లేచి, నేను వెళ్లి ఆ కోచ్‌తో మాట్లాడతాను అన్నాడు. వద్దు నాన్నా, నీకు పుణ్యముంటుంది అంది అమ్మలు. ఆయన వినలేదు.

మర్నాడు పొద్దున్నే గ్రౌండుకి వెళ్లాడు. ఇంకొక్క ఏడాది చూడండి, కాలు కుదురుకుంటుంది, అది మొండిది, పట్టుబడితే సాధిస్తుంది అని చెప్పాలని బస్సులో కూర్చుని పదిసార్లు అనుకున్నాడు. ఆడపిల్లలు ప్లాస్టిక్ కోన్ల మధ్య వంకర్లు తిరుగుతూ పరిగెడుతున్నారు. కోచ్ ఆయన్ని గుర్తుపట్టింది. మర్యాద తెలిసిన మనిషి. ఈల పక్కనున్న అమ్మాయికిచ్చి, బెంచీ మీద ఆయనకి చోటు చూపించి తనూ కూర్చుంది.

ఆవిడ ఏదీ దాచలేదు. కాలు గట్టిపడింది గానీ కుడికి తిరిగేటప్పటి వేగం తిరిగి రాలేదని చెప్పింది. ఇంకో దెబ్బ తగిలితే జీవితాంతం కుంటాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడంది. సగం ఆటలే ఆడగలిగిన మనిషికి పూర్తి కాంట్రాక్టు ఇస్తే, పూర్తిగా ఆడగలిగిన ఇంకో పిల్లకి చోటుండదంది. ఎడమ పక్కకి దొరికిన కొత్త పిల్ల ఇంకా పచ్చిగా ఉన్నా రెండేళ్లలో బాగా ఎదుగుతుందని అంది. ఇవన్నీ అమ్మలుతో చెప్పడానికి తనకి ఎంత కష్టమైందో కూడా చెప్పింది.

జడ్జిగారు వింటున్నాడు. ఒక్కొక్క మాటా కొలిచి కోసిన గాజులా ఉంది. పట్టుకుని ఇది వంకర అనడానికి లేదు. ఆ అమ్మాయి ఎవరో పరాయి పిల్లైతే, ఇదే కోచ్ ఇదే పని చేస్తే, ఇన్నాళ్లకి ఒక బుర్రున్న కోచ్ వచ్చిందని కొట్లో కూర్చుని ఆయనే చెప్పి ఉండేవాడు. ఏళ్ల తరబడి అలవాటు పడిన తల దానంతటదే ఊగింది.

"నిజమేనమ్మా. మీరు చేసింది సరైన పనే" అన్నాడు.

ఆవిడ గుండెల మీంచి బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. ఆట తెలిసిన మనిషి కాబట్టి అర్థం చేసుకున్నారు, మామూలు తల్లిదండ్రులకి చెప్పలేక చస్తున్నాం అంది. ఆయన నమస్కారం పెట్టి వచ్చేశాడు. గేటు దాటి రోడ్డు మీదికొచ్చాక గుర్తొచ్చింది, అడుగుదామని వచ్చిన ఆ ఒక్క ఏడాదీ అడగనేలేదని. వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ అప్పటికే పిల్లల మధ్యకి వెళ్లిపోయి ఎవరి భుజమో సరిచేస్తోంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మలు వచ్చి కూర్చుని ఉంది. భార్యకి అంతా తెలిసిపోయింది, కళ్లు వాచి ఉన్నాయి. ఇద్దరూ ఆయన వంక చూశారు.

గట్టిగానే అడిగానన్నాడు. పొరపాటు చేస్తున్నారని మొహం మీదే చెప్పానన్నాడు. ఆయనకి అబద్ధం ఆడడం చేతకాదు. గొంతు ఎక్కడ పెంచాలో తెలియక పెంచకూడని చోట పెంచాడు.

అమ్మలు తండ్రి మొహంలోకి చూసింది. "నువ్వలా అని ఉండవు నాన్నా."

ఆయన చొక్కా గుండీ విప్పుకుంటున్నవాడు చెయ్యి అక్కడే ఉంచేశాడు.

"ఒప్పుకునే వచ్చుంటావు."

"ఆవిడ చెప్పింది సబబుగానే ఉందమ్మలూ" అన్నాడాయన నేల చూస్తూ.

"సబబే. నాకు తెలీదా? సబబు చెప్పేవాళ్లు ఊరి నిండా ఉన్నారు నాన్నా. ఇంట్లో ఒక్కళ్లయినా..." అని ఆగిపోయింది. మిగతా మాట మింగేసి, బ్యాగు తీసుకుని, అత్త ఎదురు చూస్తుంటుంది అని లేచింది. తల్లి వీధి చివరిదాకా వెళ్లి దిగబెట్టి వచ్చింది. జడ్జిగారు గుండీ విప్పిన చొక్కాతోనే కుర్చీలో ఉండిపోయాడు. భార్య ఆయన ముందు కంచం పెట్టి, "దానికి జ్వరం వచ్చినప్పుడు కూడా మీరు ఇంతే. ఎంత ఉందో చూస్తారు, నుదురు మీద చెయ్యి వెయ్యరు" అంది. పెళ్లయ్యాక ఆవిడ ఆయన్ని అన్న మాటల్లో అదే పెద్దది.

ఆ ఆదివారం కొట్టు దగ్గర మామూలుగానే నలుగురూ చేరారు. మగవాళ్ల టీము ఓడిపోయింది, చెప్పుకోవడానికి చాలా ఉంది. జడ్జిగారు మాట్లాడకపోయేసరికి టైర్ల షాపతను అందుకున్నాడు. మాట ఆడపిల్లల టీము మీదికి మళ్లింది. ఆ కోచ్‌కి ధైర్యముంది, మోకాలు పోయినవాళ్లని మోసుకుంటూ కూర్చోలేదు, జడ్జిగారు ఎప్పుడూ చెప్పే మాటే కదా అన్నాడు. అతనికి చెడ్డ ఉద్దేశం లేదు. మాటల ఊపులో, ఆ మోకాలు ఎవరిదో ఆ క్షణానికి మర్చిపోయాడు. గురువుగారి పాఠం గురువుగారికి అప్పజెప్పి మెప్పు కోసం చూశాడు. పక్కవాళ్లు కాలు తొక్కేసరికి గుర్తొచ్చి పాలిపోయాడు.

జడ్జిగారికి అప్పుడు ఎందుకో ఆ పాత కెప్టెన్ తల్లి గుర్తొచ్చింది. ఆవిడ ప్రతి ఆటకీ వచ్చేది, తమకి రెండు వరసల కింద కూర్చునేది. ఆ రోజు గ్యాలరీ అంతా నవ్వినప్పుడు ఆవిడ వెనక్కి తిరగలేదు. పమిట భుజం మీదికి లాక్కుని, ముందుకే చూస్తూ కూర్చుంది. ఆ వీపు ఆయన చూశాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

చేతిలో గాజు సగం గీత గీసి ఉంది. దాన్ని విరవకుండా గోడకి ఆనించి, ఇవాళ ఒంట్లో బాలేదు, వెళ్లి రండి అన్నాడు. టైర్ల షాపతను రెండు రోజులు పోయాక క్షమించమని అడగడానికి వచ్చాడు. నువ్వేం తప్పు చేశావయ్యా, ఎవరి దగ్గర నేర్చుకున్నావు అని జడ్జిగారే టీ తెప్పించాడు. కానీ ఆ కొట్టు ముందు మళ్లీ సభ జరగలేదు. జనానికి తీర్పులు కావాలి. అవి దొరక్కపోయేసరికి మెల్లగా టైర్ల షాపు దగ్గర చేరడం మొదలుపెట్టారు.

ఆడపిల్లల టీము ఆ ఏడు కప్పు గెలిచింది. కొత్త పిల్ల ఎడమ పక్క నుంచి గోల్ వేసిందని పేపర్లో వచ్చింది. గెలిచిన ఫొటో జడ్జిగారి దగ్గరికే వచ్చింది. ఆయన దానికి తన చేత్తోనే ఫ్రేము కట్టి, గాజు మీద వేలిముద్రలు లేకుండా తుడిచి పంపాడు. కక్షలు ఆయన పనిలో ఎప్పుడూ లేవు.

అమ్మలు మేనత్త ఇంట్లోనే ఉండిపోయింది. కళ్లద్దాల షాపులో కౌంటరు దగ్గర ఉద్యోగం దొరికింది. ఆదివారాలు వచ్చేది. అత్త బీపీ గురించి, కారుతున్న కుళాయి గురించి, కొత్త బస్సు రూటు గురించి మాట్లాడుకునేవాళ్లు. అవి అయిపోయాక ఇద్దరూ ఊరుకునేవాళ్లు. ఉన్న ఒక్క భాషా పోయింది, కొత్తది నేర్చుకునే వయసు ఆయనకి లేదు. టీవీలో ఆట వస్తే ఆయనే ముందుగా లేచి కట్టేసేవాడు. ఎందుకు నాన్నా, చూడు అనేది అమ్మలు. తలనొప్పి అనేవాడు.

అలాంటి ఒక ఆదివారం ఆయనకి నిలువెత్తు అద్దం ఒకటి మూడో అంతస్తులో ఉన్న డాన్స్ స్కూలుకి చేర్చాల్సి వచ్చింది. లిఫ్టులో అది పట్టదు. రెండో చివర పట్టుకోవాల్సిన మనిషి రాలేదు. నేను పడతాను పద అంది అమ్మలు. నీ కాలు అనబోయి ఆయన ఆగాడు. బరువు తన మీద పడేలా కింది వైపు తను పట్టుకున్నాడు. అమ్మలు వెనక్కి వెనక్కి మెట్లెక్కుతోంది. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ పెట్టి, ఆగి, మళ్లీ ఎక్కుతోంది. ఆయన ఆ ఆగడానికి తగ్గట్టు తనూ ఆగుతున్నాడు.

రెండో అంతస్తు మలుపులో గోనెపట్టా పరిచి అద్దం దించారు. అమ్మలు గోడకి ఆనుకుని మోకాలు నొక్కుకుంది. పైన ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు.

జడ్జిగారు అద్దం అంచు పట్టుకునే నిలబడి, కూతురి వంక చూడకుండా అన్నాడు. "నువ్వు ఆడుతుంటే నేను ఆట చూసేవాణ్ణి కాదమ్మలూ. బంతి ఎక్కడుందో కూడా నాకు తెలిసేది కాదు. నిన్నే చూసేవాణ్ణి. అందుకే నీ తప్పులన్నీ అంత బాగా తెలిసేవి."

పమిట లాంటిదేమీ లేదు గనక అమ్మలు చొక్కా చేతితో మొహం తుడుచుకుంది.

"అప్పుడే చెప్పాల్సింది" అంది.

"అవును."

"ఇప్పుడు దీన్నేం చేసుకోను నాన్నా?"

అమ్మలు జవాబు కోసం చూడలేదు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, పద, చెమటకి జారిపోతుంది అంది. ఇద్దరూ మళ్లీ అద్దం ఎత్తారు. గోడకి తగలకుండా ఎటు తిప్పాలో అమ్మలు పై నుంచి చెప్తోంది, ఆయన తిప్పుతున్నాడు. మూడో అంతస్తు చేరి, అద్దం గోడకి బిగించి, మూలలు సరిచూసుకుని దిగేసరికి మధ్యాహ్నం దాటింది. భోజనానికి ఉండమంటే, అత్తకి మందులు తీసుకెళ్లాలంది. బస్సు వచ్చేదాకా ఆయన స్టాపులో పక్కన నిలబడ్డాడు. బస్సు మెట్టు ఎత్తుగా ఉంది. అమ్మలు కమ్మీ పట్టుకుని ముందు ఎడమ కాలు పెట్టి, తర్వాత రెండోది లాక్కుని ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. చెయ్యి ఊపింది. ఆయనా ఊపాడు.